ఉక్కు మేడల్లో కీలు కథ



ఉక్కు మేడలో దూలం ఎంత మోస్తుంది, స్తంభం ఎంత మోస్తుంది అనేది చాలా కాలంగా తెలిసిన లెక్కే. చిక్కంతా ఆ రెండూ కలిసేచోట ఉంది. తమిళంలో మూట్టు అంటాం, తెలుగులో కీలు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు దాని సంగతి వేరే చెప్పక్కరలేదు.

పాత ఇంజనీర్లు కాగితం మీద రెండే రకాలు రాసుకునేవారు. ఒకటి తలుపు బందులా తిరిగే కీలు, రెండోది అసలు తిరగని కీలు. నిజంగా రివెట్లు కొట్టిన కీలు ఈ రెండూ కాదు. కొంచెం తిరుగుతుంది, కొంచెం బిగబడుతుంది. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విల్సన్, మూర్ అనే ఇద్దరు 1917లోనే దీన్ని కొలిచి చూపారు.

1929లో బ్రిటన్‌లో ఉక్కు కట్టడాల పరిశోధనకు ఒక కమిటీ వేశారు. అందులో ముఖ్యమైన పని చేసినవాడు జాన్ బేకర్. వీళ్లు కడుతున్న మేడల దగ్గరికే పోయి ఉక్కులో ఒత్తిడి కొలిచారు. లెక్క కాగితం ఒకటి చెబితే కట్టడం ఇంకొకటి చెప్పింది. 1936కల్లా కీలు బిగువును కూడా కలుపుకునే కొత్త పద్ధతి ఇచ్చారు. కంప్యూటరు లేని రోజులు, ఆ లెక్కంతా వేసే ఓపిక ఎవరికి? పాత పద్ధతే నడిచింది. కొత్త రిజిస్టరు వచ్చినా పాతదాంట్లోనే రాసుకునే మాలాంటి గుమాస్తాలకు ఇది బాగా అర్థమవుతుంది. చివరకు బేకరే ఆ దారి వదిలి వేరే పద్ధతి వెతుక్కున్నాడు.

తర్వాత రివెట్లు పోయి వెల్డింగు, బోల్టులు వచ్చాయి. కాలిఫోర్నియాలో దూలం పై అంచును, కింది అంచును స్తంభానికి వెల్డింగు చేసి, మధ్య పలకను బోల్టులతో బిగించేవారు. భూమి ఊగితే దూలం సాగి వంగుతుందే గాని విరగదని గట్టి నమ్మకం.

1994 జనవరి 17, తెల్లవారుజాము 4:31. లాస్ ఏంజిలిస్ పక్కన నార్త్‌రిడ్జ్ భూకంపం, తీవ్రత 6.7. ఇలా కట్టిన ఉక్కు మేడ ఒక్కటీ కూలలేదు. అమ్మయ్య అనుకున్నారు. తర్వాత పైపూతలు, పలకలు విప్పి చూస్తే నూరుకు పైగా మేడల్లో కీళ్ల దగ్గర పగుళ్లు! కొన్నిచోట్ల పగులు స్తంభంలోకే దూరింది. బయటికి మాత్రం ఏమీ తెలియని మేడలూ ఉన్నాయి.

ఎక్కువగా పగిలింది కింది అంచు. అక్కడ వెల్డింగు చేసేవాడికి దూలం మధ్య పలక అడ్డం వస్తుంది. ఒక పక్క ఆపి, ఇంకో పక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపినచోటే లోపం దాక్కుంటుంది. కరిగిన లోహం జారకుండా కింద పెట్టిన ఉక్కు పట్టీని తీయకుండా అలాగే వదిలేసేవారు, ఆ సందులోంచి పగులు మొదలైంది. వెల్డింగు లోహమూ పెళుసుదే. పైగా ముందు పరీక్షించి చూసిన దూలాలు చిన్నవి, మేడల్లో పెట్టినవి పెద్దవి. లెక్కలోనేమో కీలంటే రెండు గీతలు కలిసే చుక్క. చుక్కకు వెల్డింగు ఎక్కడిది, పగులు ఎక్కడిది?

సరిగ్గా ఏడాదికి, 1995 జనవరి 17న, జపాన్‌లో కోబే భూకంపం. అక్కడా ఉక్కు కీళ్లు పగిలాయి.

అమెరికాలో ఏళ్ల తరబడి పరీక్షలు చేసి 2000లో కొత్త మార్గదర్శకాలు తెచ్చారు. అందులో ఒక ఉపాయం నాకు భలే నచ్చింది. స్తంభానికి కొంచెం ఇవతల దూలం అంచులను రెండు పక్కలా వంపుగా కోసి సన్నం చేస్తారు. బలం కావాలనే తగ్గిస్తారన్నమాట. ఊగినప్పుడు దూలం అక్కడ వంగుతుంది, వెల్డింగు బతుకుతుంది. ఆ ఆకారం చూసి దానికి కుక్క ఎముక అని పేరు పెట్టారు. ఇప్పుడు కంప్యూటరు లెక్కలో కీలును చుక్కగా వదిలేయకుండా స్ప్రింగులా పెట్టే వీలుంది. ఎంత తిరిగితే ఎంత ఎదురుబలం ఇస్తుందో దానికి చెప్పాలి. బేకర్ కాలంలో చేతితో వేయలేక వదిలేసింది ఇలాంటి లెక్కనే.

1994కు ముందు కట్టిన అలాంటి మేడలు కాలిఫోర్నియాలో ఇంకా ఉన్నాయి, జనం వాటిలో పని చేస్తున్నారు. మనవాళ్ల పిల్లలు ఆ వైపు ఉద్యోగాల్లో ఉంటే, వాళ్ల ఆఫీసు మేడ ఏ సంవత్సరంలో కట్టిందో, కీళ్లు విప్పి చూశారో లేదో ఒకసారి అడిగి కనుక్కోమని చెప్పండి.