ప్రతికూల స్వాధీనం
ఒకరి స్థిరాస్తిని మరొకరు, యజమాని హక్కును కాదని, బహిరంగంగా, ఎడతెగకుండా చట్టం నిర్దేశించిన కాలం పాటు అనుభవించి హక్కు పొందడాన్ని ప్రతికూల స్వాధీనం లేదా అడ్వర్స్ పొసెషన్ అంటారు. భారతదేశంలో 1963 నాటి లిమిటేషన్ చట్టం దీనికి ఆధారం. గడువు ప్రైవేటు ఆస్తికి 12 సంవత్సరాలు, ప్రభుత్వ భూమికి 30 సంవత్సరాలు. ఆలోగా యజమాని దావా వేయకపోతే 27వ సెక్షను ప్రకారం అతని హక్కు అంతరిస్తుంది.

ఇరుగుపొరుగువారి హద్దు తగాదాలలో, ముఖ్యంగా ప్రహరీ పక్క స్థలంలోకి జరిగినపుడో, పొలం గట్టును కొంచెం కొంచెంగా చెక్కినపుడో, ఈ వాదన తరచు వినిపిస్తుంది. అయితే పన్నెండేళ్ళు అనుభవిస్తే చాలు, స్థలం తమదవుతుందనే నమ్మకం సగమే నిజం. యజమాని అనుమతితో ఎన్నేళ్ళు వాడుకున్నా అది ప్రతికూలం కాదు. గోడ హద్దు దాటిన సంగతి ఇరువురికీ తెలియనపుడు, ఎదుటివారి హక్కును ధిక్కరించే ఉద్దేశం ఉందని చూపడం కష్టం. స్వాధీనం ఏనాటి నుండి ప్రతికూలమైందో నిరూపించవలసిన భారం కూడా ఆక్రమించినవారిదే. "స్థలం మొదటినుండీ నాదే" అనేవారికి ఈ వాదన సాధారణంగా పొసగదు. ఎదుటివారి యాజమాన్యాన్ని ఒప్పుకుంటేనే దానికి ప్రతికూలత ఉంటుంది.

ఈ హక్కుతో వాదిగా కూడా దావా వేయవచ్చని 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఈ చట్టం నిజమైన యజమాని పట్ల కఠినంగా ఉందని 2008లో అదే కోర్టు విమర్శించినా, మార్పు అనవసరమని 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో అభిప్రాయపడింది.