పంప్డ్ స్టోరేజి విద్యుత్ కేంద్రాలు: పెట్టుబడులకు అవకాశాలు

సౌర విద్యుత్తు మధ్యాహ్నం సమృద్ధిగా లభించినా, వినియోగం పెరిగే సాయంత్రం వేళకు అందుబాటులో ఉండదు. ఈ లోటును తీర్చడంలో పంప్డ్ స్టోరేజి కేంద్రాలు కీలకమైనవి. మిగులు విద్యుత్తుతో దిగువ జలాశయంలోని నీటిని ఎగువకు తోడి, అవసరమైనప్పుడు తిరిగి టర్బైన్లపైకి వదలడం వీటి పనివిధానం.

ఈ విధానం తెలుగునాట కొత్తది కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల చొప్పున ఆరు రివర్సిబుల్ యూనిట్లు ఉన్నాయి. అయితే అక్కడ నీటిని తోడడం కృష్ణానది ప్రవాహం, సాగు అవసరాలు, దిగువ నీటిమట్టాలపై ఆధారపడి ఉంటుంది. ఇందుకు భిన్నంగా, 2022 మే నెలలో శంకుస్థాపన జరిగిన పిన్నాపురం ప్రాజెక్టును నదికి వెలుపల రెండు జలాశయాలతో రూపొందించారు. ఒకసారి నింపిన నీరే వాటి మధ్య తిరుగుతుంది. ఆవిరైన మేరకే మళ్లీ నింపవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో పంప్డ్ స్టోరేజి విధానాన్ని, 2024లో సమీకృత క్లీన్ ఎనర్జీ విధానాన్ని ప్రకటించింది. కాగా, పెట్టుబడిదారులు ముఖ్యంగా పరిశీలించవలసినది ధరల వ్యత్యాసం. తోడడానికి వెచ్చించిన 100 యూనిట్లకు సుమారు 75 నుండి 80 యూనిట్లే తిరిగి లభిస్తాయి. 3 రూపాయలకు కొన్న విద్యుత్తు, 75 శాతం లెక్కన, ఈ నష్టంతోనే యూనిట్ 4 రూపాయలవుతుంది. నిర్మాణ వ్యయం, వడ్డీ దీనికి అదనం. అందువల్ల పంపిణీ సంస్థలతో దీర్ఘకాలిక ఒప్పందం లేనిదే ఇటువంటి ప్రాజెక్టుకు రుణం లభించడం కష్టసాధ్యం.