కోట దాటిన ఆట

మధ్య జావాలోని ప్రంబనన్ ఆలయాల దగ్గర, వానలు లేని నెలల్లో ఆరుబయట ఆడే రామాయణ నృత్యనాటకానికి పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకు కొదవ లేదు. వాళ్లు ఎంత ముచ్చటపడి చూసినా, నాలుగు పుస్తకాలు చదివిన పెద్దమనిషి పక్కన ఉంటే ఒక మాట అనక మానడు: ఇది అసలుది కాదు, టూరిస్టుల కోసం కట్టింది, అసలుది ఒకప్పుడు రాజుల కోటల్లో, గుడి ముంగిళ్లలో ఉండేది, టికెట్టు పెట్టాక చెడింది. ఈ మాటలో తేదీల వరకు నిజముంది. తీర్పులో మాత్రం లేదు. జావా నృత్యనాటకం చరిత్రను వరసగా చూస్తే, కొద్దిమంది దొరల వినోదాన్ని ఊరందరిదిగా మార్చింది టికెట్టే అని తేలుతుంది. టికెట్టు రాకముందు డబ్బు అంటని స్వచ్ఛమైన కాలమొకటి ఉందనడానికి ఆధారాలు కూడా కనబడవు.

పాత ఆధారాలతోనే మొదలుపెడదాం. క్రీ.శ. 907 నాటి బలితుంగ రాజు శాసనంలో గాలిగి అనే ఆటగాడు దేవుళ్ల కోసం భీముడి కథను వయాంగ్‌గా, అంటే జావావాళ్లు బొమ్మలాటకూ నాటకానికీ వాడే మాటతో చెప్పే ఆటగా, ఆడాడని ఉంది. అదే సందర్భంలో రామాయణ పఠనమూ జరిగింది. అది తోలుబొమ్మలాటో, మనుషుల ఆటో పండితులు ఇంకా తేల్చుకోలేదు. 930 నాటి మరో శాసనంలో మాత్రం మనుషులే ఆడే వయాంగ్ ప్రస్తావన స్పష్టంగా కనిపిస్తుంది. పన్నులు మినహాయించి ఇచ్చిన భూములను ఆ శాసనాలు 'సీమ' అంటాయి, మన అగ్రహారాల పద్ధతికి అది దూరం కాదు. అలాంటి దానోత్సవాల్లో ఆడినవాళ్లకు ఎవరికి ఎంత బంగారం, ఎన్ని బట్టలు ముట్టాయో రాతిమీదా రాగిరేకులమీదా లెక్కలు రాసిపెట్టారు. అంటే దేవుడి పేరున ఆడిన రోజుల్లోనే ఆట ఒక వృత్తి. పోషకుడిచ్చే సంభావనా, ప్రేక్షకుడు కొనే టికెట్టూ ఒకటేనా అని ఎవరైనా అడగవచ్చు. ఒకటి కావు. సంభావన ఇచ్చేవాడు ఒక్కడే, మెచ్చేదీ అతనే. టికెట్టు కొనేవాళ్లు వందలమంది, నచ్చకపోతే రేపు రారు. తేడా డబ్బులో లేదు, తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది.

ఇప్పుడు మనం చూసే వయాంగ్ వోంగ్, అంటే మనుషులు నాట్యంతో, సంభాషణతో, గామెలాన్ వాద్యబృందం తోడుగా ఆడే నాటకం, 18వ శతాబ్దంలో రాజాస్థానాల్లో రూపుకట్టింది. డచ్చి కంపెనీ ఒత్తిడితో 1755లో జియాంతి ఒప్పందం జరిగి మతారం రాజ్యం సురకర్త, యోగ్యకర్తలుగా చీలింది. రెండేళ్లకు మంగ్కునెగర వంశానికి మూడో సంస్థానం దక్కింది. కత్తి దూసే వీలు లేని ఈ కోటలు కళతో పోటీపడ్డాయి. వయాంగ్ వోంగ్‌ను సృష్టించింది మా మూలపురుషుడే అంటే మా మూలపురుషుడే అని యోగ్యకర్త సుల్తాను హమెంగ్కుబువోనో వంశం వారూ, మంగ్కునెగరన్ వారూ నేటికీ చెప్పుకుంటారు. అధికారం పోయినచోట ఆడంబరం పెరగడం మన సంస్థానాల చరిత్రలోనూ ఉన్నదే. యోగ్యకర్తలో ఎనిమిదో హమెంగ్కుబువోనో 1921 నుంచి 1939 దాకా ఏలాడు. అతని కాలంలో ఒక్కో ప్రదర్శన తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా, కొన్నిసార్లు రోజుల తరబడి సాగేది. స్త్రీ పాత్రలూ మగవాళ్లే వేసేవారు. ముందు వరుసల్లో రాచవారూ డచ్చి అధికారులూ కూర్చునేవారు. ఊరివాళ్లకు అంచున నిలబడి చూసే అవకాశం దొరికినా, ఆట వాళ్ల కోసం కాదు. సంప్రదాయానికి స్వర్ణయుగమని చెప్పే ఈ దశ ఒక వలసపాలిత సంస్థానం తన దర్జాను నిలుపుకోవడానికి పెట్టిన ఖర్చు కూడా.

ఆ ఖర్చు తట్టుకోలేని రోజు మంగ్కునెగరన్‌కు ముందే వచ్చింది. 1880లలో కాఫీ తోటలను తెగులు తినేసింది, చెరకుకు మరో తెగులు పట్టింది, 1884 ప్రాంతంలో చక్కెర ధర కూలింది. ఆ తోటల మీదే బతికే సంస్థానం అప్పుల్లో మునిగింది. ఆస్థాన నర్తకులను పోషించడం భారమైంది. అప్పుడు గాన్ కామ్ అనే సురకర్త చీనా వ్యాపారి 1895లో కోటలో తర్ఫీదైన ఆటగాళ్లతో బృందం కట్టి, డబ్బు తీసుకుని ఊళ్లో ఆడించాడు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో సురకర్త రాజు పదో పాకుబువోనో ప్రజల కోసం శ్రీవెదారి ఉద్యానం తెరిచాడు. 1910 ప్రాంతం నుంచి అక్కడ వయాంగ్ వోంగ్‌కు స్థిరమైన రంగశాల ఏర్పడింది. నాలుగు దిక్కులూ తెరిచి ఉండే కోట మండపం పోయి, ముందువైపు మాత్రమే చూసే వేదిక, రంగులు వేసిన తెరలు, పక్కల తెరచాటు వచ్చాయి. ఈ వేదికకు దారి చూపింది 1891లో సురబయలో మొదలైన కొమెడీ స్తంబుల్ వంటి నాటక బృందాలు. వాటికి ప్రేరణ పెనాంగ్, సింగపూర్, జావా రేవుల్లో ఆడి వెళ్లిన బొంబాయి పార్సీ కంపెనీలు. తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం కూడా అదే పార్సీ రంగస్థలం నేర్పిన తెరలనూ, పాత్రలను గాల్లోకి లేపే కిటుకులనూ సొంతం చేసుకుంది. సురభి అసలైన తెలుగు సంప్రదాయం కాదని మనం అనం. శ్రీవెదారినీ అదే కొలతతో కొలవాలి.

టికెట్టు ఏం మార్చిందో వివరంగా చూడాలి, ఎందుకంటే ఆక్షేపణ బలం ఇక్కడే ఉంది. రోజంతా సాగే కథ మూడు నాలుగు గంటలకు కుదిరింది. కోటలో నర్తకుడి చెయ్యి ఎంత ఎత్తున నిలవాలన్నదాంట్లో ఉన్న కచ్చితత్వం కొంత సడలింది. బదులుగా విదూషకులు పెరిగారు. సెమార్, వాడి కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ పాండవుల కొలువులో ఉండే సేవకులు. ప్రభువులు గ్రాంథికమైన జావా మాట్లాడుతుంటే, వీళ్లు వీధి భాషలో ఊరి సంగతులు, ధరలు, అధికారుల మీద చురకలు విసురుతారు. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడూ బంగారక్కా చేసే పని ఇదే. పామర రుచికి లొంగారు కదా అనవచ్చు. అయితే ఈ నలుగురు టికెట్టుతో పుట్టినవాళ్లు కారు, తోలుబొమ్మల వయాంగ్‌లో తరాలుగా ఉన్నవాళ్లే. ఊరి బొమ్మలాటలో సహజంగా ఉన్న చనువు మనుషుల ఆటలోకి తిరిగొచ్చింది, అంతే. తాతకు యుద్ధ ఘట్టం, తల్లికి విరహ ఘట్టం, పిల్లలకు పెత్రుక్ పొడుగు ముక్కు: ఒకే బల్లమీద కూర్చున్న ముగ్గురికీ ఏదో ఒకటి అందే నాటకం అలా తయారైంది. శ్రీవెదారిలో ఘటోత్కచుడిగా నటుడు రుస్మాన్, అతని సరసన భార్య దార్సి కట్టిన ప్రేమ ఘట్టాలు ఇండోనేసియా అధ్యక్షుడు సుకర్ణో దాకా అభిమానులను సంపాదించాయి. కోట తన నర్తకుల పేర్లను ఊరికి చెప్పలేదు, టికెట్టు చెప్పింది.

కోటవాళ్లు దీన్ని భ్రష్టత్వంగానే చూశారనుకోవడం కూడా పొరపాటు. 1918లో యోగ్యకర్త రాకుమారులు సూర్యోదినింగ్రత్, తేజోకుసుమో కలిసి 'క్రిదో బెక్సో విరామో' అనే నాట్యపాఠశాల తెరిచి, కోట గోడ లోపలి విద్యను బయటి పిల్లలకు నేర్పించారు. రెండో ప్రపంచయుద్ధం, జపాను ఆక్రమణ కోట ప్రదర్శనలను ఆపేసినప్పుడు ఆ విద్య పోకుండా నిలవడంలో ఇలాంటి బయటి శిష్యుల పాత్ర చిన్నది కాదు. పవిత్రమైనది పవిత్రంగానే మిగిలింది కూడా: సురకర్త కోటలో బెదోయో కెతవాంగ్ అనే నాట్యం నేటికీ రాజు పట్టాభిషేక వార్షికోత్సవం నాడే ఆడతారు, దానికి టికెట్టు లేదు.

1961లో మొదలైన ప్రంబనన్ రామాయణం విషయానికొస్తే, నాకూ ఒక ఫిర్యాదు ఉంది. అప్పటి మంత్రి జతికుసుమో పూనికతో, సురకర్త నాట్యగురువు కుసుమోకెసోవో కూర్పుతో, విదేశీయులను ఆకర్షించాలన్న ఉద్దేశం దాచుకోకుండానే దాన్ని తయారుచేశారు. భాష రానివాళ్లకు అడ్డం కాకూడదని సంభాషణలు తీసేశారు. ఇది నిజమైన నష్టం. మాట పోగానే విదూషకుడి నోరు మూతపడింది. లంకాదహనం కంటికి నిండుగా ఉన్నా, జావావాళ్లు తమను తాము ఎగతాళి చేసుకునే చోటు పోయింది. అలాగని దీన్ని నకిలీ అనను. 9వ శతాబ్దపు ఆ శివాలయం పిట్టగోడమీద చెక్కిన రామాయణ కథ తరాలపాటు శిథిలాల్లో చెదిరి ఉంది. శివాలయ పునర్నిర్మాణం 1953లో ముగిసింది, నాటకం ఆ తర్వాత ఎనిమిదేళ్లకు వచ్చింది. అందులో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు వానర సేనగా దూకుతూ నాట్యం నేర్చుకున్నారు. ఎక్కువమంది ముస్లింలైన సమాజం తన రామకథను వదులుకోకుండా ఉండటానికి ఈ వేదిక చేసిన మేలును విదేశీ టికెట్ల లెక్కతో కొట్టిపారేయలేం.

మార్కెట్టు ఇచ్చింది మార్కెట్టే తీసుకుంటుంది కదా అన్నది చివరి ఆక్షేపణ, అన్నింటికన్నా గట్టిది. నిజమే. సినిమా, టీవీ వచ్చాక చాలా బృందాలు మూతపడ్డాయి. శ్రీవెదారి ఆటగాళ్లలో పలువురు ఇప్పుడు నగరపాలక సంస్థ జీతం మీద ఉన్నారు, టికెట్టు ధర నామమాత్రం. అంటే రాజు, వ్యాపారి, ప్రేక్షకుడు అయ్యాక పోషకుడి వంతు మునిసిపాలిటీకి వచ్చింది. టికెట్టుకూ పవిత్రతకూ మధ్య చిక్కును బాలీ వాళ్లు మరోలా తేల్చుకున్నారు. 1971లో పెద్దలు, పండితులు సమావేశమై, గుడి లోపలి నాట్యాలు, ఉత్సవాలకు తోడుండే నాట్యాలు, వినోదానికి ఆడేవి అని మూడుగా విడదీసి, ఏది టూరిస్టులకు చూపవచ్చో గీత గీశారు. 2015లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో బాలీ నాట్యాలను చేర్చినప్పుడు ఆ మూడు వర్గాలూ కలిసే ఎక్కాయి. చూడవచ్చినవాళ్లను వేదికమీదికి పిలిచి సరదాగా ఆడించే జోగెద్ బుంబుంగ్ కూడా వాటిలో ఉంది.