మగవాళ్ళు తప్పుకున్న ఆపరేషన్

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అనగానే ఇవాళ ఆడవాళ్ళే గుర్తొస్తారు. రెండో కాన్పు కాగానే భార్యకు ఆపరేషన్ చేయించేస్తారు. భర్త సంగతి ఎవరూ ఎత్తరు. ఇది తరాలనాటి ఆచారం కాదు. దాదాపు యాభై ఏళ్ళ కిందట వచ్చిన మార్పు.

1952లో భారత ప్రభుత్వం కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. అంతకుముందు ఏ దేశమూ ఆ పని చేయలేదు. 1960లలో జరిగిన ఆపరేషన్లలో అత్యధికం మగవాళ్ళకు చేసే వేసెక్టమీలే. వీర్యనాళాలు చర్మం కిందే ఉంటాయి కనుక చేసేచోట మాత్రమే మత్తు ఇచ్చి, పావుగంటలో వాటిని కత్తిరించి ముడివేయవచ్చు. ఆడవాళ్ళకైతే అప్పట్లో పొట్ట తెరవాల్సి వచ్చేది. 1971 జూలైలో ఎర్నాకుళం కలెక్టర్ ఎస్. కృష్ణకుమార్ నడిపిన శిబిరంలో 60 వేలమందికి పైగా మగవాళ్ళు ఆపరేషన్ చేయించుకున్నారు. నగదు, బహుమతులు చూపి పేదలను రప్పించారన్న విమర్శ న్యాయమైనదే. అయినా, మగవాళ్ళు దీనికి ఎన్నటికీ ముందుకు రారన్న మాట నిజం కాదని ఆ శిబిరం తేల్చింది.

ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో సుమారు 62 లక్షల వేసెక్టమీలు జరిగాయి. ఆపరేషన్‌కు మనుషులను తేవాలంటూ టీచర్లకు కూడా లక్ష్యాలు పెట్టారు, తేలేనివారి జీతాలు ఆపారు. 1976 నవంబరులో హర్యానాలోని ఉత్తావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళను ఆపరేషన్ల కోసం పట్టుకెళ్ళారు. ఆపరేషన్లతో ముడిపడిన 1,774 మరణాలను ఎమర్జెన్సీపై విచారణ జరిపిన షా కమిషన్ నివేదిక నమోదు చేసింది. మగవాడి ఆరోగ్యం గురించి అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. అధికారులకు కావలసింది అంకె.

1977 ఎన్నికల్లో కాంగ్రెస్ ఓడింది. కుటుంబ నియంత్రణ శాఖ కుటుంబ సంక్షేమ శాఖ అయింది. వేసెక్టమీలు ఒక్కసారిగా పడిపోయాయి, కానీ ఆపరేషన్ల లక్ష్యాలు పోలేదు. అదే కాలంలో చిన్న కోతతో ఆపరేషన్ చేసే లాప్రోస్కోపీ అందుబాటులోకి రావడంతో భారమంతా ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. బలవంతానికి ఎదురుతిరగగలిగినవాళ్ళను ప్రభుత్వం వదిలేసి, ఎదురుతిరగలేనివాళ్ళను ఎంచుకుందని చెప్పక తప్పదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న మహిళల్లో పదిమందికి పైగా చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపేయాలని ఆదేశించింది.

ఈలోగా వైద్యం ముందుకు సాగింది. చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ 1974లో రూపొందించిన కోతా కుట్టూ లేని వేసెక్టమీ 1990లలో మన దేశానికి వచ్చింది. మగతనం పోతుందని, బరువు పనులు చేయలేరని ఉన్న భయాలకు ఆధారం లేదు. హార్మోన్లు ఎప్పటిలాగే ఊరుతాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దంపతుల్లో మహిళల ఆపరేషన్ 37.9 శాతం, మగవాళ్ళది 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పదిమంది వివాహితల్లో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ళ పని అని దేశంలో మూడోవంతుకు పైగా మగవాళ్ళు ఆ సర్వేలో ఒప్పుకున్నారు.

మగవాళ్ళకిచ్చే ప్రోత్సాహక సొమ్ము ఆడవాళ్ళకిచ్చేదానికన్నా ఎక్కువే. ఏటా నవంబరులో వేసెక్టమీ పక్షోత్సవాలూ జరుగుతున్నాయి. కానీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎమ్ ఇద్దరూ మహిళలే; వాళ్ళు మాట్లాడేది ఇల్లాలితోనే. వేసెక్టమీ తర్వాత మూడు నెలలపాటు వేరే జాగ్రత్త పాటించాలి, ఆపైన వీర్య పరీక్ష చేయించుకోవాలి. ఇది భర్తకు నేరుగా, నిదానంగా చెప్పే మగ ఆరోగ్య కార్యకర్త చాలా ఊళ్ళలో లేడు.