సాగునీటి పరికరాలు: కొనుగోలు, అద్దె

తెలుగు రాష్ట్రాల రైతులు పొలానికి నీరు పెట్టే పరికరాల్లో కొన్నింటిని కొంటారు, కొన్నింటిని అద్దెకు తెచ్చుకుంటారు. ఏది లాభమో తేల్చేది పరికరం ధర ఒక్కటే కాదు. అది పొలంలో కదలకుండా ఉండేదా, ఏడాదికి ఎన్ని గంటలు పనిచేస్తుంది, భూమి ఎవరిది అన్నవే అసలు లెక్క.

బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారుకు, భూమిలో పూడ్చిన పీవీసీ పైపులైనుకు అద్దె మాట రాదు. బత్తాయి, మామిడి తోటల్లో పరిచిన డ్రిప్పూ అంతే. పైగా డ్రిప్పుకు, స్ప్రింక్లర్లకు రాయితీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం 2003లో మొదలైంది. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, ఇతరులకు 45 శాతం సాయం అందుతుంది. రెండు రాష్ట్రాలూ దానిపై అదనంగా ఇస్తూ వచ్చాయి.

ఎటైనా మోసుకుపోగల ఆయిల్ ఇంజను సంగతి వేరు. ఉదాహరణకు ధర 40,000 రూపాయలు, మన్నిక 8 ఏళ్లు, ఆ తర్వాత అమ్మితే 8,000 వస్తుందనుకుందాం. ఏడాదికి తరుగుదల 4,000. సగటు పెట్టుబడి 24,000 మీద నూటికి 12 చొప్పున వడ్డీ 2,880. మరమ్మతులకు 2,120 వేసుకుంటే మొత్తం 9,000. డీజిల్ ఎలాగూ రైతుదే కనుక దాన్ని రెండు వైపులా వదిలేయవచ్చు. అద్దె గంటకు 100 అయితే, ఏడాదికి 90 గంటలు దాటి నడిపే రైతుకే సొంత ఇంజను గిట్టుబాటు. ఒకటి రెండు తడుల కోసం కొంటే మిగతా కాలమంతా అది కొట్టంలో పడి ఉంటుంది, అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

అయితే ఈ లెక్కకు అందనిది అదును. వాన మొహం చాటేస్తే ఊరంతటికీ ఇంజను ఒకేసారి కావాలి. వేరుశనగ ఊడలు దిగే వేళ నాలుగు రోజులు ఆలస్యమైనా దిగుబడి పడిపోతుంది, అప్పుడు అద్దెలో మిగిలిన డబ్బు ఎందుకూ కొరగాదు. 2016 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో పంట ఎండుతుంటే ప్రభుత్వమే రెయిన్ గన్లు, ఇంజన్లు, పైపులు తెప్పించి తడులు ఇప్పించాల్సి వచ్చింది. పక్కపక్క పొలాల వాళ్లు నలుగురు కలిసి ఒక ఇంజను కొనుక్కోవడం మధ్యేమార్గం. ఎవరి వంతు ముందో కరువు రాకముందే రాసుకోవాలి.

కౌలు రైతుకు ఈ ఎంపికే సరిగా లేదు. కౌలు భూమిలో సూక్ష్మ సేద్యానికి రాయితీ కావాలంటే కనీసం 7 ఏళ్ల ఒప్పందం చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలకే చెల్లుతుంది. ఏటా పొలం మారే మనిషి పాతే పరికరం ఏదీ కొనలేడు. అతనికి మిగిలేవి గంటల లెక్కన అద్దె ఇంజను, లేదా పూర్తి ధర పెట్టి కొన్న, విప్పి బండి మీద వేసుకుపోగల స్ప్రింక్లర్ పైపులు. వాటిని ఎక్కువగా వాడాల్సిన వాడికే రాయితీ అందడం లేదు.