లిపిడ్ బదిలీ ప్రోటీన్లు
కణంలో ఒక పొర నుంచి మరో పొరకు కొవ్వు అణువులను చేరవేసే ప్రోటీన్లు. లిపిడ్లు ఎక్కువగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే కణాంగంలో తయారవుతాయి. నీటిలో కరగవు కాబట్టి వాటంతట అవి కణద్రవాన్ని దాటలేవు. బదిలీ ప్రోటీన్ ఒక అణువును తన లోపలి గుంటలో ఇముడ్చుకుని అవతలి పొరలో దించుతుంది. రెండు పొరలు 10–30 నానోమీటర్ల దూరానికి దగ్గరయ్యే చోట్ల ఈ రవాణా జోరుగా సాగుతుంది. 2003లో జపాన్‌లో కెంటారో హనడా బృందం గుర్తించిన సెర్ట్ అనే ప్రోటీన్, సెరమైడ్ అనే లిపిడ్‌ను గాల్జీ అనే కణాంగానికి చేరుస్తుంది. ఓఎస్‌బీపీ అనే మరో ప్రోటీన్‌ది ఇచ్చిపుచ్చుకునే బేరం: కొలెస్టరాల్ ఇచ్చి పీఐ4పీ అనే లిపిడ్‌ను తెచ్చుకుంటుంది. వీపీఎస్13 అనే ప్రోటీన్ మాత్రం అటూఇటూ తిరగదు. పొరల మధ్య పొడవాటి గాడిలా నిలుస్తుందని, లిపిడ్లు దాని వెంట సాగిపోతాయని పరిశోధకుల భావన. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో పడింజాట్ రఘు బృందం పళ్ల ఈగ కంటిలోని ఆర్‌డీజీబీ అనే బదిలీ ప్రోటీన్‌ను పరిశోధిస్తోంది. అది లోపిస్తే వెలుతురుకు కన్ను క్షీణిస్తుంది.

వేరుశనగ గింజలోనూ ఇదే పేరున్న ప్రోటీన్ ఉంది: ఆరా హెచ్ 9. పేరు మాత్రం కాస్త తప్పుదారి పట్టిస్తుంది. మొక్కల్లోని ఈ రకం ప్రోటీన్లు పరీక్షనాళికలో లిపిడ్లను మోసినా, నిజానికి ఎక్కువగా కణం వెలుపలికి స్రవిస్తాయి. నాలుగు డైసల్ఫైడ్ బంధాల బిగువు వల్ల వేడికీ, జీర్ణరసాలకూ సులువుగా లొంగవు. అందుకే కొందరికి, ముఖ్యంగా మధ్యధరా దేశాల్లో, అలర్జీ తెస్తాయి.