రాస్సే ద్వీపంలో రెండు గోడలు

నాబోతు ద్రాక్షతోటను అహాబు కోరింది కూరగాయల తోట కోసమే (1 రాజులు 21:2). తోట కోరడం పాపం కాదు. అది ఎవరి స్వాస్థ్యం మీద నిలుస్తుందన్నదే ప్రశ్న. స్కాట్లాండ్ పడమటి తీరంలోని రాస్సే ద్వీప చరిత్రను ఈ ప్రశ్నతో చదవవలసి ఉంది.

స్కై ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య సుమారు 22 కిలోమీటర్ల పొడవున్న ఈ ద్వీపంలో మక్లౌడ్ వంశీయుల భవనం, దానికి చేరువలో రాతిగోడల తోట ఉన్నాయి. ఉప్పుగాలి కొట్టే చోట అటువంటి గోడ అలంకారం కాదు. అది గాలిని ఆపి, ఎండ వేడిని దాచుకొని, గోడవార పెరిగే పండ్లచెట్లను కాపాడుతుంది. 1746లో ప్రభుత్వ సైనికులు తగులబెట్టిన భవనాన్ని మక్లౌడ్‌లు మళ్లీ కట్టుకున్నారు. 1773లో అతిథిగా వచ్చిన శామ్యూల్ జాన్సన్ ఇంటిచుట్టూ ఉన్న పెద్ద చెట్లనూ పండ్లతోటనూ గమనించి వ్రాశాడు.

1840లలో మక్లౌడ్‌లు అప్పులపాలై అమ్ముకున్న ఈ ద్వీపాన్ని జార్జ్ రైనీ కొన్నాడు. ఇతడు ఒక పాదిరిగారి కుమారుడు. దక్షిణ అమెరికాలోని డెమెరారాలో బానిసల శ్రమతో నడిచిన చెరకు తోటల వ్యాపారంలో ధనవంతుడయ్యాడు. బానిసత్వం రద్దయినప్పుడు పరిహారం యజమానులకు దక్కింది, బానిసలకు కాదు. తరువాత ఆ తోటలకు మన దేశపు కూలీలను ఓడలలో తీసుకుపోయారు. మద్రాసు రేవు నుండి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు.

రైనీ 1852-54 మధ్య హల్లైగ్, స్క్రీపడాల్ వంటి గ్రామాలను గొర్రెల కోసం ఖాళీ చేయించాడు. అనేకులు ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కారు. మిగిలినవారిని ఉత్తరాన రాళ్లనేలకు నెట్టి, ద్వీపానికి అడ్డంగా గోడ కట్టించాడు. అతడు పెళ్లిళ్లను కూడా నిషేధించాడని 1883లో నేపియర్ కమిషన్ ఎదుట ద్వీపవాసులు సాక్ష్యమిచ్చారు. ఒక గోడ చెట్లను కాపాడింది, మరొకటి మనుషులను వెళ్లగొట్టింది.

సంఘ చరిత్ర విద్యార్థులు రాస్సే పేరును 1893 చీలిక సందర్భంలో వింటారు. ఫ్రీ చర్చి 1892లో చేసిన ప్రకటన చట్టాన్ని వ్యతిరేకించి, రాస్సే సేవకుడు డోనాల్డ్ మక్‌ఫార్లేన్ వేరుపడ్డాడు. దాని నుండి ఫ్రీ ప్రెస్బిటేరియన్ సంఘం పుట్టింది. ఆ చట్టం వెనుక నిలిచిన ప్రిన్సిపాల్ రాబర్ట్ రైనీ ఈ జార్జ్ రైనీకి సోదరుని కుమారుడు. మనం సిద్ధాంత వివాదాన్ని చదువుతాం, అదే ద్వీపంలోని భూమి వివాదాన్ని వదిలేస్తాం. యెషయా 5వ అధ్యాయం మాత్రం రెంటినీ విడదీయదు. ద్రాక్షతోట పాట ముగిసిన వెంటనే పొలానికి పొలం కలుపుకొనేవారికి శ్రమ ప్రకటిస్తుంది.

మన కాలంలో ఆ తోటను ద్వీపవాసులే మళ్లీ సాగులోకి తెచ్చారు. గోడ అదే, దాని లోపల పనిచేసి ఫలం తినేవారు మారారు. మన సంఘాల ఆవరణలకూ గోడలున్నాయి. అవి ఏమి కాపాడుతున్నాయో, ఎవరిని బయట నిలబెడుతున్నాయో కాపరులమైన మనం పరీక్షించుకోవాలి.